ముప్పై ఎనిమిది లోపు

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే వాల్వుల సందు చూడాల
అంటాది పుస్తకం.
చల్లగా అంటే ముప్పై ఎనిమిది డిగ్రీల లోపు.
ఆ పుస్తకం రాసినాయన
మే నెలలో ఎర్రగుంట్ల చూసుండడు.

ఇక్కడ బండిని రెండురోజులు కదిలించకపోయినా
బానెట్ మీద చెయ్యి పెడితే చురుక్కుమంటాది.

అందుకే మూడున్నరకు లేచినా.
మిద్దె మీద పండుకున్నోళ్ల చాపల అంచులు తొక్కకుండా
మెట్లు దిగి, రేకుల కిందికి.
పిల్లదాని జ్వరం మీటరు ఇంజనుకు ఆనించినా.
ముప్పై నాలుగున్నర.
మనిషికైతే డాక్టరును పిలవాల. దీనికి ఇదే మంచి గడియ.

రెండువేల ఒకటి మోడల్ హోండా సిటీ.
కడపలో ఒక పండ్ల డాక్టరు దగ్గర కొన్నా.
ముల్లు అయిదు వేలు దాటగానే
గొంతు మారుస్తాది, అంతవరకూ సాధువు.

పాలిషింగ్ ఫ్యాక్టరీ ఎనక పారేసిన
మూల విరిగిన బండలు పేర్చి ర్యాంపు కట్టుకున్నా.
ఒకసారి జాకీ కింద బండ పటుక్కుమనింది,
నా తల అప్పుడు బంపరుకు జానెడు దూరం.
అప్పటినుంచి ముందు చెక్క దిమ్మె, తర్వాతే బండ.

ప్రొద్దుటూరులో బస్సు బాడీలు కట్టే ఖాజామొద్దీన్
పొగ పైపులు వంచిచ్చినాడు.
నాలుగూ ఒకే పొడుగుండాల అంటే
తన చెయ్యి చాపి చూపించి నవ్వినాడు.
అయినా దారం పెట్టి కొలిచినాడు, రెండాదివారాలు.

బెంగళూరు నుంచి తెప్పించిన ఎర్ర ఫిల్టరు మాత్రం
వారానికే బూడిద గుమ్మడికాయ అయింది.
సిమెంటు దుమ్ము.
నాకు జీతమిచ్చేదీ ఆ దుమ్మే.
పాత నల్ల డబ్బానే మళ్లీ బిగించినా,
ఎవురికీ చెప్పలా.

మూత తీసినా. పదారు వాల్వులు.
మిల్లీమీటరును నూరు ముక్కలు చేస్తే
గాలి పక్క ఇరవై, పొగ పక్క ఇరవై అయిదు.
ఉక్కు ఆకు దూర్చి, నట్టు బిగిస్తే
సందు మారిపోతాది.
మళ్లీ వదులు. మళ్లీ బిగించు.
ముక్కు మీది చెమట చుక్క క్యామ్ మీద పడింది.

నిద్దర పట్టక సాలమ్మత్త దిగొచ్చింది.
నాయన చెల్లెలు. జమ్మలమడుగులో
నలభై ఏండ్లు మగ్గం గుంతలో కాళ్లు పెట్టిన మనిషి.
"ఏంది, కుదరల్యా?"
చెప్పేలోపలే ఆకు నా చేతిలోంచి తీసుకుంది.
రెండు వేళ్లతో తోసి, లాగి,
"బిగువు" అనింది.
నట్టు వదిలినా.
"వదులు."
వెంట్రుకంత తిప్పినా.
"ఊఁ. పన్నెలో పోగు లాగినట్టుండాది. కదలకుండా బిగించు."

క్రాంకు తిప్పుతా నేను, లాగి చూస్తా ఆమె.
మూడో సిలిండరు పొగ పక్క
ఆకు లోపలికే పోలేదు.
"ఇది ఇంతకాలం చప్పుడే చెయ్యలేదే అత్తా" అన్నా.
"టకటకమనేవి వదులైనవి.
ఇట్ల గమ్మునుండేవే లోపల కాలిపోతాంటాయి."
అత్త ఏమీ అనలా.
టార్చి ఇంకో చేతికి మార్చుకుంది.

ఫ్యాక్టరీ సైరను మోగేసరికి మూత పెట్టేసినాం.
తాళం తిప్పితే
మొదట గుర్రుమని, తర్వాత కుదురుకుంది.
అత్త బానెట్ పక్కకు చెవి పెట్టి
కండ్లు మూసుకోనింది కాసేపు.

"దీంతో యాడికి పోతావు?"
"ముద్దనూరు దాకా."
"ముద్దనూర్లో ఏముండాది?"
"ఏం ల్యా. తిరిగొచ్చేదే."

వేళ్లకంటిన ఆయిలు కొంగుకు తుడుచుకుంటా
ముందు సీట్లో కూచుంది.
"అద్దం దించు.
అది గొంతు మారుస్తాదంటివే,
యాడ మారుస్తాదో చెప్పొద్దు నాకు.
నేనే కనుక్కుంటా."